దస్తగిరి సార్ బండ, నా తెల్ల బెల్టు

పోయిన ఏడాది నేను రిటైరైన రోజు కడపలో మా స్కూలువాళ్లు నాకు శాలువా కప్పి, మైకులో ఒక కాగితం చదివారు. "బ్లాక్ బెల్టు సాధించి కూడా, దాదాపు ముప్ఫై ఏళ్లు తెల్ల బెల్టుతోనే ఆడపిల్లలకు కరాటే నేర్పిన వినయశీలి మన నాగవేణి టీచర్" అని అందులో ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. దాన్ని కూడా వినయమే అనుకున్నారు.

ఆ కాగితంలో ఉన్నది అబద్ధం. నా బ్లాక్ బెల్టును మా గురువు దస్తగిరి సార్ తన చేతులతో నా నడుము నుంచి విప్పేశారు. ఎందుకు విప్పారో చెప్పే ధైర్యం లేక, జనం వినయమంటుంటే ఊరుకున్నాను. ఒకసారి పేపరులో కూడా అట్లాగే వేశారు. మా ఆయన మురిసిపోయి ఆ ముక్కను ఫ్రేము కట్టించి హాల్లో మేకుకు తగిలించాడు. రోజూ దాని పక్క నుంచే వంటింట్లోకి వెళ్లేదాన్ని.

కరాటే నేర్పడమే బతుకుదెరువుగా పెట్టుకుందామనుకునే పిల్లలు ఇప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. ఎన్ని కప్పులు గెలిచారు, ఏయే ఊళ్లకు వెళ్లారు అని అడుగుతారు. అవేవీ ఇక్కడ రాయను. మా సార్ ఎట్లాంటి మనిషో, నేను చేసిన తప్పేమిటో, ఆ బెల్టు ఇన్నేళ్లు ఎక్కడుందో రాస్తాను. ఈ పనిలో నాకు నిజంగా తెలిసింది అంతే.

బీబమ్మ అడుగు

దస్తగిరి సార్ పుట్టింది బేతంచెర్లలో. అక్కడ మన్ను కాస్త గీకితే చాలు, కింద నాపరాయే. ఆయన తండ్రి గనిలో బండలు తీసేవాడు. తల్లి బీబమ్మ ఆ బండలను లారీకి ఎత్తేది. సార్‌కు పదమూడేళ్లప్పుడు అట్లాంటి లారీలోనే క్లీనరుగా బొంబాయి వెళ్లి, ఒక హోటల్లో గిన్నెలు కడిగే పనిలో కుదురుకున్నారు. ఆ హోటలు మేడ మీద కరాటే క్లాసు నడిచేది. ఫీజు కట్టే తాహతు లేదు కాబట్టి, రోజూ నేల తుడిచి పెడతానని బతిమాలి చేరారు.

అక్కడి గురువు మొదటి ఆరు నెలలు గుద్దడం నేర్పలేదు, తన్నడం నేర్పలేదు. మోకాళ్లు వంచి నిలబడమన్నాడు. తక్కిన పిల్లలు కాళ్లు వణికి కూలబడుతుంటే ఈయన మాత్రం కదలకుండా ఉన్నారట. ఇదెక్కడ నేర్చుకున్నావని గురువు అడిగాడట.

"కరాటే అంటే అదేనని నాకేం తెలుసమ్మా," అని సార్ మాకు చెప్పి పడీ పడీ నవ్వేవారు. "లారీ కాడ బండ పట్టుకొని మా యమ్మ అట్లే నిలబడ్తాండె. ఆ యమ్మను సూసి సూసి నాకూ అబ్బింది."

బొంబాయిలో పన్నెండేళ్లు నేర్చుకున్నారు. ఒకరోజు ఊరి నుంచి కబురొచ్చింది. లారీ మీది నుంచి బండ జారి బీబమ్మ కాలి మీద పడింది. కొడుకు తిరిగొచ్చేసరికి ఆమె మంచంలో ఉంది. ఆమె పనిని ఆయన అందుకున్నారు. పొద్దంతా బండలెత్తడం, తనతో పాటు ఎత్తే ఆడవాళ్లను గమనించడం. బరువు చేతిలో ఉన్నప్పుడు వాళ్లు నడుము తిప్పరు, పాదాలు తిప్పుతారు. ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతారు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి బండ మారేటప్పుడు కళ్లు బండ మీద ఉండవు, అవతలి మనిషి మీద ఉంటాయి. వీటన్నిటినీ బొంబాయిలో నేర్చినదానితో కలిపి ఏళ్ల తరబడి మార్చుకుంటూ, ఎగిరి తన్నే తన్నులన్నీ తీసేసి, తనదంటూ ఒక పద్ధతి తయారుచేశారు. దానికి "నిలుపు" అని పేరు పెట్టారు.

"చీర కట్టుకొని వాళ్లు, లుంగీ కట్టుకొని మనం ఆకాశానికి యాడ తంతామప్పా?" అనేవారు ఎగిరే తన్నుల గురించి అడిగితే. ఇంకో మాట కూడా అనేవారు. "అడుగు మా యమ్మది, పిడికిలి బొంబాయి సార్‌ది. మధ్యలో నడుమొకటే నాది."

కర్నూలులో మూతబడిన పత్తి మిల్లు షెడ్డు ఒకటి అద్దెకు మాట్లాడుకుని క్లాసు పెట్టారు. ఎండాకాలం తుంగభద్ర ఎండిపోయాక, తెల్లారగానే మమ్మల్ని ఏటి ఇసుకలోకి తీసుకుపోయేవారు. ఇసుకలో అడుగు సరిగా పడకపోతే ఎవరూ చెప్పక్కర్లేదు, కాలే చెబుతుంది.

ఆయన్ను దేవుణ్ణి చేయను. మహా మొండి. ఏ సంఘంలోనూ చేరలేదు, పద్ధతిని రిజిస్టరు చేయించలేదు. చేయించండి సార్ అంటే, "మా యమ్మను యాడ రిజిస్టరు చేసినారు?" అనేవారు. వినడానికి బాగుంది గాని, ఆ మొండితనం వల్ల మా సర్టిఫికెట్లకు విలువ లేకుండా పోయింది. మంచి మంచి పిల్లలకు స్పోర్ట్స్ కోటా సీట్లు తప్పాయి. ఆ విషయంలో తప్పు సార్‌దేనని ఆయన ముందూ అన్నాను, ఇప్పుడూ అంటాను. టీ ఆయనకు నచ్చినట్టు లేకపోతే ఆ రోజు క్లాసు మొత్తానికీ కష్టాలే. సాసర్లో పోసుకుని జుర్రుమని తాగే చప్పుడును బట్టి మేము ఆయన మూడ్ ఎట్లా ఉందో తెలుసుకునేవాళ్లం.

నేను చేరిన తీరు

మాది ఆలూరు పక్క పల్లె. వానొస్తే పంట, లేకుంటే లేదు. డిగ్రీ చదవడానికి కర్నూలు వచ్చి హాస్టల్లో ఉన్నాను. మా కిటికీలోంచి ఆ షెడ్డు కనిపించేది. పాతికమంది మగపిల్లలు మోకాళ్లు వంచుకుని బొమ్మల్లా నిలబడి ఉండడం చూసి మేమంతా నవ్వుకునేవాళ్లం. ఒకరోజు సరదాకి గదిలో నేనూ అట్లా నిలబడి చూశాను. నిమిషానికి తొడలు మండిపోయాయి. మరుసటి రోజే షెడ్డుకు వెళ్లాను.

"ఆడపిల్లోళ్లకు నేనెప్పుడూ నేర్పలేదమ్మా," అన్నారు సార్ ఇబ్బంది పడుతూ.

"నేనూ ఎప్పుడూ నేర్చుకోలేదు సార్. ఇద్దరికీ కొత్తే గదా," అన్నాను.

ఆయన కాసేపు నావంక చూసి, "నోరు బాగుండాది. కాళ్లెట్లుండాయో సూద్దాం," అన్నారు. అట్లా నేను ఆ షెడ్డులో మొదటి ఆడపిల్లనయ్యాను. ఆరేళ్ల తర్వాత నాకు బ్లాక్ బెల్టు కట్టిన రోజు సార్ మంచంలో ఉన్న వాళ్లమ్మ దగ్గరికి తీసుకుపోయి, "అమ్మా, నీ అడుగు ఈ పిల్లకొచ్చిందే," అన్నారు. బీబమ్మ నా మోకాళ్లు పట్టుకుని చూసి, "ఊ, బరువు మోస్తాది," అంది. ఆ మాటను మించిన సర్టిఫికెట్ నాకు ఎవరూ ఇవ్వలేదు.

బండ పట్టుకుని చెప్పే మాట

బీబమ్మ కాలి మీద పడిన బండ మా షెడ్డులోనే ఉండేది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, ఒక మూల విరిగి ఉంటుంది. దాన్ని సార్ ఎత్తుకొచ్చి గోడకు ఆనించి పెట్టారు. ప్రతి శనివారం ఒక్కొక్కరం దాన్ని పొట్టకు ఆనించి పట్టుకుని, మోకాళ్లు వంచి నిలబడాలి. అప్పుడు సార్ ఒక ప్రశ్న అడుగుతారు. "ఈ వారం ఎవురికి ఏం దాచినావు?"

నిజం చెబితే దించమంటారు. అబద్ధం చెబితే దించమనరు. అబద్ధమని ఎట్లా తెలుస్తుందని అడిగితే, "బరువు మోస్తా అబద్ధం చెప్తే ఊపిరి తప్పుతాది. నాకు ఇనిపిస్తాది," అనేవారు. ఒకసారి హాస్టల్ వార్డెనుకు చెప్పకుండా మ్యాట్నీకి వెళ్లి, ఏమీ దాచలేదని చెప్పాను. నిజంగానే మాట మధ్యలో గాలి తెగిపోయింది. షెడ్డంతా గొల్లున నవ్వింది.

సార్‌కు బండల చప్పుడు కూడా బాగా తెలుసు. గనిలో పెరిగిన మనిషి కదా. వేలితో కొడితే మంచి బండ ఖంగుమంటుందని, లోపల పగులున్న బండ మట్టికుండలాగా మొద్దుగా పలుకుతుందని మాకు కొట్టి చూపించేవారు. ఈ విద్య నాకెప్పుడు అక్కరకొస్తుందో అప్పుడు తెలియదు.

వార్షికోత్సవం

పెళ్లయ్యాక కడపకు వచ్చాను. ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరుగా చేరి, ఆడపిల్లలకు కరాటే క్లాసు మొదలుపెట్టాను. ఐదారేళ్లు బాగానే నడిచింది. ఆ ఏడు వార్షికోత్సవానికి ముందు కరస్పాండెంటు పిలిపించాడు.

"టీచర్, మీ పిల్లోళ్లు ఊరికే నిలబడుకోనుంటే ఎవురు సూస్తారు చెప్పండి? బండలు పగలగొట్టాల. జనం కుర్చీల్లోంచి లేవాల."

"మా సార్ పద్ధతిలో పగలగొట్టేది లేదు సార్," అన్నాను.

"సరే. ఈ క్లాసు వచ్చే ఏడు ఉండాల్నా వద్దా అనేది వార్షికోత్సవం అయినాక అనుకుందాం," అన్నాడు.

క్లాసు పోతుందేమోనని భయం వేసింది. అది మొదటి భయం. బండలు పగలగొట్టి చూపించే మాస్టర్లు కొందరు చేసే కిటుకు ఒకటి విని ఉన్నాను. సన్నటి నాపబండ ముక్కలు తెప్పించి, ముందురోజు మా పెరట్లో పొయ్యి మీద బాగా కాల్చి, చన్నీళ్లు పోశాను. పైకి ఏమీ కనిపించదు. లోపల మాత్రం ప్రాణం పోతుంది. పిల్లలకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే వాళ్ల ముఖంలో తెలిసిపోతుందనుకున్నాను.

ఆ రోజు అందరికన్నా బాగా కొట్టింది నూర్జహాన్. మేమంతా నూరీ అనేవాళ్లం. వెల్డింగ్ షాపు మహబూబ్ కూతురు, పన్నెండేళ్లది. ఒక్క దెబ్బకు బండ రెండు ముక్కలైంది. జనం లేచి నిలబడ్డారు. నూరీ తన పిడికిలి వైపు చూసుకున్న చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ముందు వరసలో ముఖ్య అతిథిగా కూర్చున్న దస్తగిరి సార్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. నేనే పిలిచాను ఆయన్ను. బండ మొద్దుగా పగిలిన చప్పుడును ఆయన పోల్చుకున్నారని నాకు అర్థమైంది. స్టేజి దిగి వెళ్తే నా ముఖం చూడకుండా, "బస్సుకు పొద్దైతాందమ్మా," అని వెళ్లిపోయారు.

మరుసటి రోజు నూరీ వాళ్లింట్లో చుట్టాలు, ఏదీ మాక్కూడా చూపించు అన్నారు. ఇంటికి వేయించడానికి తెచ్చిన కొత్త బండలు గోడకు ఆనించి ఉన్నాయి. ఆ పిల్ల పూర్తి నమ్మకంతో కొట్టింది. అది మంచి బండ. అరచెయ్యి వెనక ఎముక, చిటికెన వేలు విరిగాయి.

ఆసుపత్రికి పరిగెత్తాను. మహబూబ్ కోపంగా కూడా లేడు, అయోమయంగా ఉన్నాడు. "నిన్న పగిలె గదా టీచర్, ఈపొద్దు ఎందుకు పగల్లేదు?" అని అడిగాడు.

నిజం చెప్పడానికి అంతకంటే తేలికైన సమయం మళ్లీ రాలేదు. నేను ఏమన్నానంటే, "సరిగ్గా కొట్టలేదు. నేను లేకుండా చేయొద్దని చెప్పినా గదమ్మా నూరీ?"

ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటూ, "నాదే తప్పు నాయనా," అంది.

బెల్టు ఎవరి దగ్గర

ఆ ఆదివారం సార్ మళ్లీ కడపకు వచ్చారు. క్లాసు అయిపోయి పిల్లలు వెళ్లేదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డారు. నూరీ చెయ్యి విరిగిన సంగతి ఎవరో చేరవేసి ఉంటారు, కాల్చిన బండ సంగతి ఆయనకు ఆ చప్పుడే చెప్పింది. దగ్గరికి వచ్చి, నా నడుముకున్న బెల్టు ముడి విప్పి, మడిచి చంకలో పెట్టుకున్నారు. "నడువ్, ఆ పాప ఇంటికి పోదాం," అన్నారు.

నూరీ కట్టు కట్టిన చేత్తో మంచంలో కూర్చుని ఉంది. సార్ బెల్టును ఆమె ఒళ్లో పెట్టారు.

"ఇది మీ టీచరుది. నీ కాడ పెట్టుకో. ఆ యమ్మ నీకొక మాట చెప్పాల్సింది ఉండాది. చెప్పిన పొద్దు నువ్వే ఆ యమ్మ నడుముకు కట్టు. సరేనా?"

"ఏం మాట పెద్ద సార్?"

"అది ఆ యమ్మకు తెలుసులే."

నూరీ నావైపు చూసింది. వాళ్ల నాయన నావైపు చూశాడు. నేను కట్టు వైపు చూస్తూ నిలబడ్డాను. కొంతసేపటికి వాళ్లమ్మ టీ తెచ్చింది, తాగి వచ్చేశాం.

బస్టాండులో, "క్లాసు మూసేయమంటారా సార్?" అని అడిగాను.

"మూస్తే నీకే సులువు. కొత్త పిల్లోళ్ల మాదిరి తెల్ల బెల్టు కట్టుకొని నేర్పు," అన్నారు.

పన్నెండేళ్ల పిల్ల చేతిలో ఆ బరువు పెట్టడం ఆయన తప్పు అని నేననుకుంటాను. చాలా ఏళ్ల తర్వాత ఆ మాటే ఆయనతో అన్నాను. కాదనలేదు. "అవును. నాకూ వేరే దావ తెలీకపాయె," అన్నారు.

నూరీ మళ్లీ క్లాసుకు రాలేదు. చిటికెన వేలు వంగకుండా ఉండిపోయింది. దారిలో కనిపిస్తే, "నా చెయ్యి పనికిరాదులే టీచర్," అని నవ్వేది. చెబుదామని నోటిదాకా వచ్చేది. మహబూబ్ స్కూలు మీదికి వస్తాడని భయం, ఆడపిల్లలను ఎవరూ పంపరని భయం. కొన్నేళ్లకు ఆ భయాలకు అర్థం లేకుండా పోయింది. అప్పటికి చెప్పకపోవడం అలవాటైపోయింది.

నెలకోసారి కర్నూలు వెళ్లేదాన్ని. సార్ ఆ బండ నా చేతికిచ్చి, నిలబడమని, ఒకే ప్రశ్న అడిగేవారు.

"చెప్పినావా?"

"లేదు సార్."

"సరే, ఇంగ దించు."

తిట్టలేదు ఎప్పుడూ. దించాక ఫాతిమమ్మ, అంటే సార్ భార్య, అన్నం పెట్టేది. సార్ నా పళ్లెంలో ముక్కలు ఎక్కువ పడ్డాయో లేదో చూసేవారు. ఆ ప్రేమకు నేను తగనని తెలుసు, అయినా వెళ్లకుండా ఉండలేకపోయేదాన్ని.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు

ఒక విషయం సూటిగా చెబుతాను. ఆరు వారాల్లో మీ అమ్మాయి నలుగురు మగవాళ్లను కొట్టిపడేస్తుందని బోర్డు రాసుకునే మాస్టరు అబద్ధాలకోరు. అట్లాంటి బోర్డు చూసి చేరిన పిల్ల ఎక్కడో దెబ్బ తింటుంది. నేను చేసింది కూడా అదే, బోర్డు లేకుండా చేశాను.

మరి ఏం నేర్పగలం? నా దగ్గర ఒక కాలేజీ పిల్ల ఉండేది. టౌను బస్సులో ఒకడు రోజూ పైన పడేవాడు. ఆ పిల్ల వాణ్ణి గుద్దలేదు. మోకాళ్లు కాస్త వంచి, పాదాలు తిప్పి వాడికి ఎదురుగా నిలబడి, "చెయ్యి తియ్," అని బస్సంతా వినపడేట్టు అంది. వాడు తర్వాతి స్టాపులో దిగిపోయాడు. తర్వాత కాళ్లు వణికాయి టీచర్ అని నాకు చెప్పింది. వణికితే వణికాయి, అప్పుడు నిలబడ్డాయి కదా అన్నాను. బీబమ్మ అడుగు అంటే అంతే. దాన్ని నేర్పడానికి ఒక్కో పిల్లకు నాలుగేళ్లు పడుతుంది. నాలుగేళ్లు ఓపిక లేనివాళ్లు వేరే పని చూసుకోండి.

పిల్లలు మీ చేతుల్ని కాదు, మీ మాటను నమ్మి దెబ్బ కొడతారు. అది మర్చిపోవద్దు. ఆ వార్షికోత్సవం తర్వాత నేను ఏ స్టేజి మీదా ఏమీ పగలగొట్టించలేదు. కరస్పాండెంటు గొణిగాడు, క్లాసు మాత్రం తీసేయలేదు. అంటే మొదట్లోనే కాదని గట్టిగా ఉంటే సరిపోయేదన్నమాట. ఇది తెలిసిన రోజు ఎంత ఏడ్చానో.

కర్నూలు బస్సులో

నూరీ పెరిగి, బస్సు కండక్టరైంది. కర్నూలు కడప మధ్య తిరిగే బస్సులోనే ఆమె డ్యూటీ. నేను సార్ దగ్గరికి వెళ్లివచ్చేటప్పుడు తరచుగా కనిపించేది. టికెట్ ఇస్తుంటే ఆ చిటికెన వేలు నిటారుగా పక్కకు నిలబడి ఉండేది. ప్రతిసారీ నవ్వుతూ అడిగేది.

"ఏం టీచర్, ఆ మాట ఇంగా గుర్తుకు రాల్యా?"

"వస్తుందిలేమ్మా," అనేదాన్ని నేను కూడా నవ్వుతూ.

నేను రిటైరైన కొన్ని నెలలకు సార్ పోయారు. పెద్ద వయసే. చివరిసారి చూసినప్పుడు మాట సరిగా రావడం లేదు. అయినా నా వైపు కనుబొమలు ఎగరేశారు. ఏం అడుగుతున్నారో తెలుసు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన కళ్లు మూసుకున్నారు. ఆ తల ఊపడాన్ని వెనక్కి తీసుకోగలిగితే నా దగ్గరున్న కప్పులన్నీ ఇచ్చేసేదాన్ని.

మూడో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక ఫాతిమమ్మ నన్ను లోపలికి పిలిచి, గోనెసంచిలో చుట్టిన బండ చూపించింది. "ఇది నీకే ఇయ్యమన్న్యాడు. యాడికి మోసకపోతావో పో తల్లీ," అని ఏడ్చింది. ఆటోలో బస్టాండుకు తెచ్చుకున్నాను. కడప బస్సు మెట్ల దగ్గర ఉన్నది నూరీయే.

"ఇదేంది టీచర్, ఇంత బరువుండాది? లగేజీ టికెట్ కొట్టాల్నా?" అంటూనే ఒక పక్క పట్టి పైకి ఎక్కించింది. కింద పెట్టడానికి మనసొప్పక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

నంద్యాల దాటాక జనం పలచబడ్డారు. టికెట్లన్నీ అయిపోయి నూరీ నా పక్కన కూర్చుంది. "పెద్ద సార్ పోయినాడంట గదా," అంది. నేను తల ఊపాను. "ఇంగ ఆ మాట ఆయనతోనే పాయె అనుకోవాల్నా టీచర్?" అంది. ఈసారి నవ్వలేదు.

"అదేం పెద్ద మాట కాదులేమ్మా, ఆయన ఊరికే..." అని మొదలుపెట్టాను. ఒళ్లో బండ ఉంది. మాట మధ్యలో ఊపిరి తెగిపోయింది, హాస్టల్ రోజుల్లో తెగినట్టే. ఇంక దాచడం నా వల్ల కాలేదు.

"స్టేజి మీద నువ్వు పగలగొట్టింది కాల్చిన బండ నూరీ. ముందురోజు నేనే కాల్చి నీళ్లు పోసినా. దాన్ని ఎవరు కొట్టినా పగిలేదే. నీ చేతిలో తప్పేం లేదు. ఆసుపత్రిలో మీ నాయనకు నేను చెప్పింది అబద్ధం."

ఆమె ఎడమ చేత్తో ఆ చిటికెన వేలును పట్టుకుని కూర్చుంది.

"నాది సచ్చు చెయ్యి అనుకుంటి టీచర్," అంది చివరికి, చాలా మెల్లగా. "డిగ్రీ అయినాక పోలీసు సెలక్షన్లకు పోతానంటే, నీ చేత యాడైతాదే అన్న్యాడు మా నాయన. నిజమే గదా అని నేను గూడా గమ్మునుండిపోతి. ఆయన సచ్చిపోయేదాకా అట్లే అనుకున్న్యాడు."

లేచి డ్రైవరు పక్కకు వెళ్లి నిలబడింది. మళ్లీ వెనక్కి రాలేదు. కడపలో అందరూ దిగేదాకా నావైపు చూడలేదు. బండను నేనే ఎత్తుకుని, మోకాళ్లు వంచి, పాదాలు తిప్పి, ఒక్కో మెట్టు దిగాను. ఇంటికి వెళ్లి మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన స్టూలు వేసుకుని, మేకుకున్న ఆ ఫ్రేమును తీసేశాడు.

ముడి

రెండు వారాలు గడిచాయి. ఇక రాదనుకున్నాను. రాకపోవడమే న్యాయం అనుకున్నాను. ఒక ఆదివారం పొద్దున నూరీ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. నిలబడే, "ఆ బండ యాడ?" అంది. చూపించాను. వేలి మెటికతో కొట్టింది. ఖంగుమంది.

"ఇది కాల్చింది గాదు గదా?"

"కాదమ్మా. బీబమ్మ కాలి మీద పడింది."

"పట్టుకోండి." సార్ శనివారం బండ సంగతి క్లాసులో నేనే ఆ పిల్లలకు కథగా చెప్పి ఉన్నాను.

అరవై దాటిన మోకాళ్లు. అయినా వంచి, పొట్టకు ఆనించి పట్టుకున్నాను. ఆమె నాకు ఎదురుగా నిలబడింది.

"మా నాయన ఆపొద్దు అడిగినప్పుడు నా తప్పని ఎందుకు చెప్పినారు?"

"ఉద్యోగం పోతాదని భయపడినా."

"తర్వాత ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు నన్ను టీచర్ అని పిలవడం మానేస్తావని."

ఊపిరి తప్పలేదు. ఆమె నా ముఖం చూస్తూ, "దించండి టీచర్," అంది.

కవరులోంచి బెల్టు తీసింది. మడతల దగ్గర రంగు వెలిసి, కలరా ఉండల వాసన వేస్తోంది. వాళ్లమ్మ బీరువాలో, తన పెళ్లయ్యాక తన ట్రంకు పెట్టెలో, ఇన్నేళ్లు భద్రంగా దాచిందట. నా నడుము చుట్టూ తిప్పింది.

"నేను మన్నించినానని గాదు టీచర్. మాట చెప్తే కట్టమన్న్యాడు పెద్ద సార్. నేను సరే అన్న్యా," అంది.

ముడి వేసింది. బిగించబోతే చిటికెన వేలు వంగక అడ్డం పడింది. రెండోసారి లాగింది, మళ్లీ జారింది. "వదులుగా వచ్చె. మీరే బిగించుకోండి," అంది చిరాగ్గా, కళ్లు తుడుచుకుంటూ.

"వద్దులేమ్మా, అట్లే ఉండనీ," అన్నాను.

టీ తాగి డ్యూటీకి వెళ్లింది. ఆమె గేటు దాటాక, ముడి విప్పకుండా ఆ బెల్టును మెల్లగా కాళ్ల మీదుగా కిందికి జార్చి తీశాను. హాల్లో ఖాళీగా ఉన్న ఆ మేకుకు తగిలించాను. నూరీ వేసిన ముడి దానికి అట్లాగే ఉంది.